వంటయింటి విద్యార్థిని: రాససుందరీ దేవి జీవితము

రాజ్యములను జయించినవారి చరిత్రలును, మఠములను స్థాపించినవారి చరిత్రలును లోకమున పెక్కు గలవు. అన్నము వండుచు, బిడ్డల నెత్తుకొనుచు, ఎవరికిని తెలియకుండ అక్షరమును సాధించి, ఆ యక్షరము మూలమున భగవంతునిని, తన్నును గూడ తెలిసికొనిన గృహిణి చరిత్ర అరుదు. అట్టిది గత శతాబ్దమునకు ముందటి శతాబ్దమున, అనగా 19వ శతాబ్దమున, వంగదేశములో జరిగినది. ఆమె పేరు రాససుందరీ దేవి. ఆత్మకథను వ్రాసి ప్రకటించిన వంగ స్త్రీలలో ఆమెయే మొదటిది. ఆమె యే గురువునకును దక్షిణ యీయలేదు. ఆమె విద్యాభ్యాసమంతయు పొయ్యి యెదుట జరిగినది.

రాససుందరి 1809వ సంవత్సర ప్రాంతమున పాబ్నా మండలములోని పొతాజియా గ్రామమున జన్మించెను. ఆ ప్రదేశము నేడు బంగ్లాదేశములో నున్నది. ఆమె పసితనముననే తండ్రి గతించెను. తల్లి చేతిమీద పెరిగిన యా బాలిక మిక్కిలి పిరికిది. తోడిపిల్లలు కొట్టినను నోరెత్తి యెదురు చెప్పెడిది కాదు. పిల్లలను ఎత్తుకొనిపోవువారు కలరని యెవరో చెప్పినది మొదలు, నీడను జూచినను వణకెడిది. ఆ భయమును పోగొట్టదలచి తల్లి యొక ఉపాయము చెప్పెను. భయము కలిగినప్పుడెల్ల తమ యింటి దేవుడగు దయామాధవుని పిలువవలెననియు, ఆయన వెంటనే వినుననియు చెప్పెను. బాలిక యా మాటను కొంగున ముడివైచుకొనెను.

వారి యింటి వెలుపలి భాగమున ఊరి బాలురకు పాఠశాల నడుచుచుండెను. రాససుందరికి 8 యేండ్లు వచ్చినప్పుడు ఇంటివారు ఆమెను తీసికొనిపోయి ఆ పాఠశాలలో కూర్చుండబెట్టిరి. అది చదువుకొరకు గాదు, ఊరక కూర్చుండుట కొరకే. బాలురు నేలమీద అక్షరములు దిద్దుచు, ఎలుగెత్తి వల్లించుచుండ, ఈమె పెదవి కదపక వినుచుండెను. వినగా వినగా అక్షరముల వరుస మనస్సున నిలిచిపోయెను. ఆ సంగతి ఇంట నెవ్వరికిని తెలియదు. ఎవ్వరును అడుగలేదు; ఆమెయు చెప్పలేదు.

రెండేండ్లు గడచెను. ఒకనాడు నిప్పంటుకొని యిల్లు తగులబడెను. పాఠశాలయు దానితోబాటే పోయెను. రాససుందరి విద్యాభ్యాసము అంతటితో సరి. ఆ గడబిడలో పిల్లలు దారితప్పి నదీతీరమున శ్మశానము దగ్గరకు పరుగెత్తిరి. దిక్కు తోచక దయామాధవుని పేరుపెట్టి యేడ్చుచుండ, ఆ కేక విని కొందరు వచ్చి వారిని ఇల్లు చేర్చిరి. వచ్చినవాడు దయామాధవుడే యని పిల్లలలో కొందరు తలచిరి. రాససుందరి తల్లి నడిగెను. వచ్చినవారు మనుష్యులే యనియు, పరమేశ్వరుడు ఒక్క గుడిలోనే యుండువాడు కాడనియు, ఎక్కడనుండి యెవరు పిలిచినను వినువాడనియు తల్లి విప్పిచెప్పెను. ఆనాటి బోధ ఆ బాలిక జీవితమునకంతకును మూలధనమయ్యెను. పాఠశాలలో చెవినబడిన అక్షరములు, తల్లి నోటనుండి వినిన యీశ్వరుడు, ఈ రెండే ఆమె పుట్టింటినుండి తెచ్చుకొనిన సొత్తు.

12వ యేట వివాహమయ్యెను. తల్లిని విడిచి, పడవలో మూడు దినములు ప్రయాణము చేసి, ఫరీదుపూరు మండలములోని రామదియా గ్రామమునకు కోడలై వచ్చెను. భర్త సీతానాథుడు కలిగినవాడు, ఊరిలో పెద్ద. అత్త ఆ చిన్నపిల్లను ఒడిలో కూర్చుండబెట్టుకొని కన్నకూతురివలె లాలించెను. ఈ చరిత్రలో గయ్యాళియగు అత్తగాని, క్రూరుడగు భర్తగాని లేరని చదువరులు గమనింపవలెను. రాససుందరిని బంధించినది మనుష్యుల చెడుతనము కాదు. మంచివారుగూడ మారు మాటాడక పాటించుచుండిన ఆచారము.

కొన్నాళ్లకు అత్తకు జబ్బుచేసి చూపుపోయెను. ఇంటి భారమంతయు కోడలిమీద బడెను. బయటి పనులకు దాసీలుండిరిగాని లోపలి పనికి ఆమె తప్ప వేరొకరు లేరు. ఇంటిలో మదనగోపాలుని విగ్రహము కలదు. వేళకు నైవేద్యము కావలెను. అత్తకు పరిచర్య చేయవలెను. భర్త స్నానము చేసి వచ్చునప్పటికి ఆయన భోజనము వేరుగా సిద్ధము కావలెను. ఆపైని ఇరువదియైదుగురకు రెండు పూటల వంట. పూటకు పది పండ్రెండు సేర్ల బియ్యము. కోడలు ముదుక బట్టతో రొమ్ముదాక ముసుగు దించుకొనవలెను. ఎవరితోను మాటాడరాదు. తన పాదములు తప్ప వేరేమియు కానరాదు. కండ్లకు గంతలు కట్టిన గానుగెద్దునకును ఆమెకును భేదము లేకుండెను.

అట్టి స్థితిలో తల్లియయ్యెను. తొలి కుమారుడు విపినవిహారి ఆమె 18వ యేట జన్మించెను. కడపటి బిడ్డ 41వ యేట. అనగా 23 సంవత్సరములలో 12 మంది బిడ్డలు. ఒకడు చంకనుండగా మరియొకరు కొంగు పట్టుకొని నడచెడివారు. పగలు వంటతో సరిపోవును. రాత్రి బిడ్డల యేడుపుతో సరిపోవును. ఇంటిలో నొకరి నిద్ర చెడకుండుటకు ఆమె తన నిద్రను పోగొట్టుకొనెడిది.

ఆ దినములలోని యొక సంగతి ఇచట చెప్పదగును. ఒకనాడు అందరి భోజనములైన తరువాత తనకని మిగిలిన అన్నముతో కూర్చుండబోగా అతిథి వచ్చెను. ఆ యన్నము నతనికి పెట్టించెను. రాత్రి మరల వడ్డించుకొనబోగా బిడ్డలు లేచి యేడ్చిరి. మరునాడును అట్లే యేదో యొక యాటంకము కలిగెను. రెండు దినములు గడచినవి. ఆమె నోట మెతుకు పడలేదు. గాదెల నిండ ధాన్యము గల యింటిలో, ఇరువదియైదుగురకు వండిపెట్టిన యిల్లాలు పస్తున్నదని ఒక్కరికైనను తెలియలేదు. ఆమె తాను చెప్పుటకు సిగ్గుపడెను.

ఆమె బిడియము ఎంతటిదో తెలుపుటకు మరియొక సంగతి చాలును. సీతానాథునకు జయహరి యను గుఱ్ఱము కలదు. ఒకనాడు పెద్దకుమారుని దానిపై నెక్కించి తల్లికి చూపుటకై పెరటిలోనికి తెచ్చిరి. అందరును చూడ రమ్మనిరి. అది భర్త గుఱ్ఱమాయెను, దాని యెదుట ఎట్లు నిలుతునని ఆమె లోపలికి పోయి దాగెను. మరియొకనాడు ఆ గుఱ్ఱమే వచ్చి వాకిట ఆరబోసిన ధాన్యమును మేయుచుండ, దాని కంటబడుటకు సిగ్గుపడి ఇంటిలోపలనే నిలిచిపోయెను. పిల్లవాడు వచ్చి, అది జయహరియే, భయములేదని చెప్పెను. తనకు కలిగినది భయము కాదు, సిగ్గు. అదియు నొక గుఱ్ఱమును జూచి! అప్పుడామె తన్ను జూచి తానే సిగ్గుపడెను. తన మనస్సును తాను దూరముగా నిలిచి చూచుట ఆమె అట్లు నేర్చుకొనుచుండెను. ఆత్మజ్ఞానము హిమాలయములలోనే కాదు, వాకిటిలోను మొదలగును.

ఇంతలో పుట్టింట తల్లికి అవసానకాలము సమీపించెను. ఇంటిపని విడిచి పోవుటకు వీలులేనందున రాససుందరికి తల్లిని జూచు భాగ్యము కలుగలేదు. అంతకుముందు ఎప్పుడైన పుట్టింటికి పంపినను, పరివారముతో పడవనెక్కించి, గడువుపెట్టి, ఖైదీని పంపినట్లు పంపి తెచ్చుకొనెడివారు. తాను కొడుకుగా పుట్టియుండినచో ఎక్కడనున్నను పక్షివలె ఎగిరి తల్లికడకు పోయియుందును గదా యని ఆమె తలపోసెను. కాని యామె తన దుఃఖమునకు ఎవ్వరినిగాని నిందింపలేదు. తల్లి నేర్పిన పరమేశ్వరునే పిలిచెను. ఈ సంసార కార్యములన్నియు ఆయన యప్పగించినవే యైనచో, ఆయన కథను చదువుకొను శక్తినిగూడ ఆయనయే యీయవలెనని మొఱపెట్టుకొనెను.

చదువవలెనను కోరిక ఆమెకు చిన్ననాటినుండియు కలదు. కాని యా కాలమున స్త్రీ చదువుట తప్పుగా నెంచబడెను. చదివిన స్త్రీకి వైధవ్యము కలుగునను మూఢవిశ్వాసము వంగదేశమున వ్యాపించియుండెను. ఊరి పెద్దలు కూర్చుండి, కలికాలము వచ్చినది, ఇక ఆడువారు మగవారి పనులు చేయుదురని యెగతాళి చేయుచుండ, ఆ మాటలు లోపలనున్న ఆమె చెవిని బడెడివి. తన మనస్సులోని కోరిక ఎవరైన కనిపెట్టుదురేమో యని ప్రాణము జల్లుమనెడిది. కోరిక వలదని మనస్సును మందలించెడిది, మనస్సు వినదయ్యెను.

ఒకనాటి వేకువను ఆమె కొక కల వచ్చెను. తాను చైతన్య భాగవతమును చదువుచున్నట్లు కాంచెను. ఆ గ్రంథము 16వ శతాబ్దమున బృందావనదాసు వంగభాషలో రచించిన శ్రీ చైతన్య మహాప్రభువు చరిత్ర. పోతన భాగవతము మన యిండ్ల నెట్టిదో, ఆ దేశపు వైష్ణవుల యిండ్ల నది యట్టిది. ఆమె దానిని కంట జూచి యెరుగదు. మేలుకొని, పులకించిన శరీరముతో, ఆ కల మరల వచ్చునేమో యని కనులు మూసికొనెను. పగలు పనిలో నున్నను ఆ కలయే.

ఆ దినముననే మరియొక వింత జరిగెను. విపినవిహారికి అప్పటికి 8 యేండ్లు. ఆమె వంట చేయుచుండ భర్త ఆ సమీపమునకు వచ్చి, తన చైతన్య భాగవతమును అచట నుంచుచున్నాననియు, అడిగినప్పుడు తీసికొని రావలెననియు కుమారునితో చెప్పి పోయెను. వంటయింటి లోపలినుండి ఆమె వినెను. ఎవ్వరును లేని సమయమున పోయి చూచెను. అది వ్రాతప్రతి; విడివిడి పత్రములను రెండు చెక్కల నడుమ నుంచి కట్టినది. చెక్కలమీద బొమ్మలు చిత్రింపబడియుండెను. ఆ బొమ్మలను గురుతు పెట్టుకొనెను. ఏలయన, పేరు చదివి గుర్తించు శక్తి ఆమెకు లేదు.

గ్రంథమును మరల లోపల పెట్టుటకు విప్పినప్పుడు ఆమె ఒక్క పత్రమును తీసి దాచెను. తన యింటిలో, తన భర్త గ్రంథమునుండి, భగవత్కథ గల పత్రమును తీసికొనుటకు ఆమె దొంగవలె వణకెను. దానిని వంటయింటిలోనే యొకచోట దాచెను. కాని పత్రము చేతిలోనున్నంత మాత్రమున అది పలుకదు గదా! అప్పుడామె కుమారుడు అక్షరములు వ్రాసిన తాటాకు నొకదానిని గూడ తీసి దాచెను. ఆ యింట 8 యేండ్ల బాలునకు అడుగకయే లభించిన విద్యను, ఆ బాలుని కన్నతల్లి ఆతడు దిద్ది విడిచిన తాటాకునుండి యేరుకొనవలసి వచ్చెను. ఈ చరిత్రలో చదువరుల మనస్సును కలచునది ఇదియే.

ఆమె పద్ధతి ఈ విధముగా నుండెను. చిన్ననాడు పాఠశాలలో వినిన అక్షరముల ధ్వని జ్ఞాపకమున కలదు. అక్షరముల రూపము కుమారుని తాటాకున కలదు. ఆ యక్షరములు కూడి మాటలైన తీరు గ్రంథపత్రమున కలదు. వినినదానిని తాటాకుతోను, తాటాకును పత్రముతోను, పత్రమును నలుగురు మాటాడు మాటలతోను సరిపోల్చెను. కుడిచేత గరిటె, ఎడమచేత పత్రము. ముసుగు చాటున నొక్కసారి చూచుట, మరల దాచుట. ఒకనాడొక అక్షరము తెలియును. పది దినములు ఏమియు తెలియదు. బిడ్డ యేడ్చినచో పత్రము మరుగునకు పోవలెను. అన్నము పొంగినచో అక్షరము మనస్సునుండి జారిపోవును. ఏకాంతము లేదు, తీరిక లేదు, అడుగుటకు మనిషి లేడు. అయినను చాలకాలము ఇట్లు కష్టపడి, తుదకు తడవుకొనుచు చదువగలిగెను. అప్పటి కామె వయస్సు ఇంచుమించు 26 యేండ్లు. కలకత్తాలో బాలికలకై బెథూన్ పాఠశాల 1849లో స్థాపింపబడుటకు అది పది సంవత్సరములకు పైగా పూర్వము.

భర్త సోదరీమణులు ముగ్గురు వితంతువులై ఆ యింటనే యుండిరి. వారు కనిపెట్టుదురేమో యని రాససుందరికి మిక్కిలి భయము. కొంతకాలము చాటుగా చదువుకొనెను. తుదకు వారికి తెలియనే తెలిసెను. వారు కోపింపలేదు సరిగదా, మహానందము పొందిరి. అందు ఇద్దరు ఆమె వద్దనే అక్షరములు నేర్చుకొన మొదలిడిరి. అటుపిమ్మట ఎవరినైన వాకిటి దగ్గర కావలి యుంచి, లోపల అందరును కూర్చుండగా ఆమె చైతన్య భాగవతమును చదివి వినిపించుచుండెను. ఎవరిని జూచి ఇన్నియేండ్లు భయపడెనో వారి హృదయములలో గూడ ఆ యాకలియే యుండెనని అప్పుడు తెలిసెను.

ఇంటిలోనున్న గ్రంథములన్నియు ఆమె క్రమముగా చదివెను. చైతన్య చరితామృతము, జైమిని భారతము, విదగ్ధమాధవము మున్నగునవి అందు కలవు. రామాయణము బాలకాండ మాత్రమే యింట నుండెను. ఏడు కాండములును చదువవలెనని కోరగా, కలకత్తాలోనున్న కుమారుడు అచ్చుప్రతిని పంపెను. ఆ సన్నని యక్షరములు వ్రాతప్రతికి అలవాటుపడిన కన్నులకు కష్టమయ్యెను. దానినిగూడ ఆమె సాధించెను.

చదువు వచ్చినంత మాత్రమున ఆమె కష్టములు తీరలేదు. వంట తప్పలేదు. 12 మంది సంతానములో ఏడుగురను ఆమె తన జీవితకాలముననే కోల్పోయెను. కాని యిదివరకు దుఃఖము వచ్చినప్పుడు దానిలో మునిగిపోయెడిది. ఇప్పుడు దుఃఖమును, దానిని భరించుచున్న తన్నును, ఆ రెంటికిని సాక్షియగు పరమేశ్వరునిని వేరువేరుగా చూడ నేర్చెను. పఠనము ఆమెకు సంసారమును విడుచు దారి చూపలేదు. సంసారములోనే నిలుచుటకు చోటు చూపినది.

చదువ నేర్చినను వ్రాయుట ఆమెకు చాలకాలము రాలేదు. పొయ్యి యెదుట పత్రమును దాచవచ్చునుగాని, కాగితము, కలము, సిరాబుడ్డి దాచుట యెట్లు? పరదేశమున చదువుచున్న కుమారుడు కిశోరీలాలు, తన యుత్తరములకు తల్లి జవాబు వ్రాయలేదని నొచ్చుకొనెను. తనకు వ్రాయరాదని చెప్పినను వినక, కాగితము, కలము, సిరా తెచ్చి ముందుంచిపోయెను. తరువాత భర్త జబ్బుపడగా, చికిత్సకై కుమారుడు ద్వారకానాథుని యొద్ద కొంతకాల ముండవలసి వచ్చెను. ఇంటిపని కొంత తగ్గిన యా దినములలో ఆమె వ్రాత నేర్చుకొనెను. అక్షరము నేర్పిన తాటాకు ఒక కుమారునిది. కలము చేతికిచ్చినవాడు మరియొక కుమారుడు.

1869 ప్రాంతమున భర్త గతించెను. దాదాపు 60 యేండ్ల వయస్సున ఆమె తన జీవితచరిత్రకు రూపమిచ్చెను. ఆ గ్రంథము పేరు అమార్ జీబన్, అనగా నా జీవితము. 1876 నాటికి అది అచ్చులో నుండెను. ఒక్కొక్క ప్రకరణమునకు ముందు భగవత్ప్రార్థనను పద్యరూపమున కూర్చెను. పిమ్మట రెండవ భాగమును గూడ చేర్చగా, 1897లో, ఆమె 88వ యేట, పెంచిన కూర్పు వెలువడెను. రవీంద్రనాథ ఠాకూరు అన్నగారగు జ్యోతిరింద్రనాథుడును, వంగసాహిత్య చరిత్రకారుడగు దినేశచంద్రసేనుడును దానికి పీఠికలు వ్రాసి గౌరవించిరి. 1899లో ఆమె పరమపదించెను.

ఆ గ్రంథమున ఆమె తన కాలపు స్త్రీల దుఃస్థితిని దాచలేదు. పురుషులు స్త్రీలను చదువనీయకపోవుటను నిర్భయముగా విమర్శించెను. తరువాతి కాలమున తలిదండ్రులు కూతురికిగూడ శ్రద్ధతో చదువు చెప్పించుచుండుట చూచి సంతోషించెను. తనకు లభింపనిది ఇతరులకు లభించినప్పుడు అసూయపడక ఆనందించుట ఆమె చదువు ఫలము.

నేడు పల్లెటూరి గ్రంథాలయమున పుస్తకములు బీరువాలలో బాహాటముగా నున్నవి. చందా కట్టినవాడు ఇంటికి తీసికొనిపోవచ్చును. తీసికొనిపోయిన పుస్తకము తండ్రి బల్లమీదనో, కొడుకు సంచిలోనో యుండిపోక, వంటయింటి గడప దాటి లోపలికి పోవుచున్నదా యన్నదే విచారింపవలసిన విషయము. బిడ్డను చంకనిడుకొని పొయ్యి యెదుట నిలిచిన తల్లికి దినమున కొక పుట చదువుకొను తీరికను ఆ యింటివారు కల్పింపగలిగినచో, రాససుందరీ దేవి దాచిన యా యొక్క పత్రమునకు తగిన గౌరవము జరిగినట్లే యగును.